గొర్రెల కాపరుల చోట జట్టు కూలీలు

మా రావులపాలెంలో క్రిస్మస్ నాటికకు మాటలు రాసే పని ఏటా నాదే. ఈసారి కుర్రాళ్ళు గొర్రెల కాపరుల రంగం దగ్గర ఆగిపోయారు. "మేష్టారూ, రాత్రిపూట అరటి గెలలు లారీకెత్తే జట్టు కూలీల్ని పెడదామండీ" అన్నారు. పెద్దల్లో కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. లూకా సువార్తలో ఆ శుభవార్త మొదట విన్నది, ఊరంతా పడుకున్నాక బయట మేలుకొని పని చేసుకుంటున్నవాళ్ళే. మా ఊళ్ళో ఆ వేళ మేలుకొని ఉండేది ఎవరో కుర్రాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు.

ఇలా మనుషుల్ని మార్చి చూపడం కొత్తేమీ కాదు. ఇటలీ దర్శకుడు పసోలినీ దేవుణ్ణి నమ్మినవాడు కాదు, మార్క్సిస్టు. 1964లో మత్తయి సువార్తను సినిమాగా తీసినప్పుడు యేసు మాటలన్నీ ఆ గ్రంథంలోంచే తీసుకున్నాడు. మార్చిందల్లా మనుషుల్ని, చోటుని. దక్షిణ ఇటలీలో మతేరా అనే పేద ఊరు యెరూషలేం అయింది. అక్కడి రైతుకూలీల ముఖాలు తెరకెక్కాయి. సిలువ దగ్గర కుప్పకూలే మరియమ్మగా కనిపించేది పసోలినీ కన్నతల్లి సుసన్నా.

మనవాళ్ళు వేరే దారి పట్టారు. 1978లో వచ్చిన 'కరుణామయుడు'కి దర్శకుడు ఎ. భీమ్‌సింగ్, కన్నీళ్ళ కుటుంబ కథల్లో ఆరితేరిన మనిషి. అందులో విజయచందర్ వేసిన యేసును మనం రాముణ్ణీ కృష్ణుణ్ణీ చూసిన కళ్ళతోనే చూశాం. దీన్ని లోపమనేవాళ్ళతో నేను ఒప్పుకోను. క్రీస్తు జీవితంపై తీసిన మూకీని బొంబాయిలో చూశాకే కదా దర్శకుడు ఫాల్కేకి మన పురాణాలు తీయాలన్న తపన పుట్టింది! 1913లో 'రాజా హరిశ్చంద్ర' అలా వచ్చింది. క్రీస్తు సినిమా నుంచి పుట్టిన పౌరాణికపు నడక మళ్ళీ క్రీస్తు దగ్గరికే చేరింది.

అసలు సాహసం 1980లో 'రాజాధిరాజు'ది. దాని దర్శకుడు బాపు పుట్టింది నరసాపురంలో, రచయిత ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. ఇద్దరూ గోదావరి బిడ్డలే. సైతానును మన మనుషుల మధ్యకే దింపారు. నూతన్ ప్రసాద్ ఆ వేషంలో వెటకారమాడుతుంటే హాయిగా నవ్వుతాం. ఎవరి పక్షాన నవ్వుతున్నామో కాసేపటికి గానీ తట్టదు. శోధన అంత తియ్యగానే వస్తుందని ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఇంతగా తెలిసిరాలేదు.

మా నాటికలో జట్టు కూలీలు గోదావరి యాసలోనే మాట్లాడతారు. దేవదూత పలుకులు మాత్రం బైబిల్లో ఉన్నట్టే ఉంచాను. రోజూ గుడిలో వినే మాట గెలల గుట్టల మధ్య వినబడితే దానికి కొత్త బలం వస్తుంది.

ఇంకా తేలనిది హేరోదు సంగతి. కిరీటం తీసేసి ఖద్దరు చొక్కా తొడుగుదామంటున్నారు కుర్రాళ్ళు. నేను వద్దంటున్నాను. చొక్కా చూడగానే జనం అతను ఫలానా నాయకుడేనని గుసగుసలు మొదలెడతారు, బేత్లెహేములో హేరోదు చంపించిన పసిపిల్లలు ఎవరికీ గుర్తుండరు. ఆ తల్లుల ఏడుపుతోనే రంగం మొదలుపెట్టి, హేరోదును వేదిక ఎక్కించకుండా రాసి చూస్తున్నాను.