తొందరపడని పనితనం: డీరెయిడ్

20 టెరాబైట్ల డిస్కు ఒకటి చెడిపోయిందనుకోండి. దాని బదులు వచ్చిన స్పేర్ మీద సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎక్కడా ఆగకుండా రాసినా 27 గంటలు దాటుతుంది. పక్కన ఎనభై డిస్కులున్నా రాసే పని మాత్రం ఆ ఒక్కదానిదే, వంద విస్తళ్లకు ఒక్కడే వడ్డించినట్టు. ఈలోగా మరో డిస్కు పోతే ఎలా అన్నదే పెద్ద నిల్వలు నడిపేవాళ్ల దిగులు.

2021 జులైలో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ 2.1 వెర్షన్‌తో విడుదలైన డీరెయిడ్ దీనికో జవాబు. ఇందులో స్పేర్ డిస్కు ఊరికే కూర్చోదు. స్పేర్ జాగాను డిస్కులన్నిటికీ పంచేస్తారు. ఒకటి పోతే మిగిలినవన్నీ కలిసి చదువుతాయి, కలిసి రాస్తాయి. ఆలోచన కొత్తదేం కాదు, 1990ల నుంచి పరిశోధన పత్రాల్లో ఉన్నదే. జెడ్‌ఎఫ్‌ఎస్ కోసం ఇంటెల్‌కు చెందిన ఐజాక్ హువాంగ్ 2015లో దీన్ని ముందుకు తెచ్చారు. అసలు కోడ్‌లో కలిసింది మాత్రం 2020 నవంబరులో. ఆ అయిదేళ్లు ఎక్కడ ఖర్చయ్యాయో కోడ్ తెరిస్తే తెలుస్తుంది.

మొదటి ఆనవాలు ఒక పట్టిక. ఏ డిస్కు పోయినా మిగిలిన వాటిమీద భారం దాదాపు సమానంగా పడాలంటే గడుల అమరికను బాగా కలపాలి. ఈ కలపడాన్ని పూల్ (డిస్కుల సముదాయం) తయారయ్యేటప్పుడు అప్పటికప్పుడు చేయించలేదు. 2 నుంచి 255 డిస్కుల దాకా ప్రతి సంఖ్యకూ ముందే రకరకాల అమరికలు ప్రయత్నించి, సమతూకం బాగా కుదిరిన దాన్ని ఎంచి, దాని విత్తన సంఖ్యను (సీడ్) సోర్స్‌లోనే పొదిగారు. వాడే ముందు ఆ విత్తనం నుంచి అమరికను మళ్లీ పుట్టించి చెక్‌సమ్‌తో సరిపోల్చుతారు. తేడా వస్తే పని అక్కడితో ఆగుతుంది. తెలివిని నడిచే యంత్రంలో కాక కార్ఖానాలోనే ఖర్చుపెట్టడం అంటే ఇదీ.

రెండోది ఇంకా ముచ్చటైనది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లోని పాత రెయిడ్-జెడ్‌లో గీతల (స్ట్రైపుల) వెడల్పు మారుతూ ఉంటుంది. ఏది ఎక్కడ మొదలైందో తెలియాలంటే బ్లాకుల చెట్టంతా తిరగాలి. డీరెయిడ్‌లో వెడల్పు స్థిరం, అందుకే డిస్కును మొదటి నుంచి చివరి దాకా వరసగా పునర్నిర్మించవచ్చు. అయితే చెట్టు జోలికి పోకపోతే చెక్‌సమ్‌లు సరిచూసే వీలుండదు. తయారీదారులు ఈ లోటును దాచలేదు. పునర్నిర్మాణం అయిన వెంటనే స్క్రబ్ దానంతటదే మొదలై ప్రతి బ్లాకునూ తనిఖీ చేస్తుంది. ముందు రక్షణ, ఆ వెంటనే పరీక్ష.

మూడోది పరీక్షల తీరు. జెడ్‌టెస్ట్ అనే పాత ఒత్తిడి పరీక్షకు డీరెయిడ్‌ను కూడా నేర్పారు. అది పూల్‌ను వాడుతూనే కావాలని పాడుచేస్తుంది. వేరే పరీక్షలు డిస్కుల్లోని డేటాను చెరిపేసి, తిరిగి నిలబెట్టి, ఒక్క తప్పయినా మిగిలిందా అని చూస్తాయి.

దీనికి మూల్యం లేకపోలేదు. ఎనిమిది డేటా భాగాలు, 4 కిలోబైట్ల సెక్టార్లు అయితే అతి చిన్న బ్లాకుకైనా డేటా వైపే 32 కిలోబైట్లు పోతాయి. రెండు పారిటీలు (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టే భాగాలు) కలిపితే 40. అదే బ్లాకు రెయిడ్-జెడ్2లో 12తో సరిపోతుంది. చిన్న రికార్డుల డేటాబేసుకు ఇది దుబారా. చిన్న బ్లాకుల కోసం మిర్రర్ చేసిన ఎస్‌ఎస్‌డీలు విడిగా పెట్టడం దీనికి మార్గం. పైగా పంచిన స్పేర్ శాశ్వతం కాదు. కొత్త డిస్కు పెట్టాక డేటా అక్కడికి మళ్లీ చేరాలి. ఆ పని నిదానంగానే సాగుతుంది గాని, రక్షణ అప్పటికే కుదుటపడింది కాబట్టి కంగారు లేదు.

కొత్త పద్ధతిని తూచడానికి ఇక్కడ మంచి కొలబద్ద దొరుకుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్5, రెయిడ్6 2013లోనే లైనక్స్ 3.9తో వచ్చాయి. మధ్యలో కరెంటు పోతే డేటాకూ పారిటీకీ పొంతన తప్పే చిక్కు తీరక, ఏళ్లు గడిచినా వాటి సొంత పత్రాలే ప్రొడక్షన్‌లో వద్దని హెచ్చరిస్తూ వచ్చాయి. డీరెయిడ్‌లో పాత గీత మీద తిరగరాయడం ఉండదు, కొత్త డేటా ఎప్పుడూ కొత్త చోటికే. కాబట్టి వయసు చూసి నమ్మలేం. వైఫల్యం వచ్చే ప్రతి దారినీ ముందే ఊహించి కాపలా పెట్టారా అన్నది చూడాలి.

ఆ లెక్కన పదుల డిస్కుల పెట్టెలకు, పెద్ద ఫైళ్లకు, బ్యాకప్‌లకు డీరెయిడ్ సిద్ధమనే అంటాను. ఆరు డిస్కుల సర్వర్‌కు రెయిడ్-జెడ్ చాలు. ఎక్కడ పెట్టినా, అసలు డేటా ఎక్కించే ముందు ఒక డిస్కును మీరే పీకి చూడండి. పునర్నిర్మాణం, ఆ తర్వాతి స్క్రబ్ పూర్తయ్యే దాకా అక్కడే ఉండి చూసుకోండి.