మైఖేల్ గొంతులోని మద్దెల

మైఖేల్ జాక్సన్ పేరెత్తితే చాలు, మనవాళ్ళు లేచి వెనక్కి జారే నడక వేసి చూపిస్తారు. అతని పాట పాడి చూపించిన వాళ్ళు నాకు తగల్లేదు. నా మంట అక్కడే.

అతను పుట్టింది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, గ్యారీ అనే ఉక్కు పట్నంలో. తండ్రి జో ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు, కొడుకుల చేత కొట్టి మరీ సాధన చేయించేవాడు. ఇంటి గొడవలు, తర్వాతి ఆరోపణలు, కోర్టు కేసులు వేరే చర్చ. నాకిక్కడ పాటే కావాలి. 1969లో మోటౌన్ రికార్డుల సంస్థ 'ఐ వాంట్ యూ బ్యాక్' విడుదల చేసేనాటికి మైఖేల్‌కి పదకొండేళ్ళు. జాక్సన్ ఫైవ్ అన్నదమ్ములు మోటౌన్‌లో చేసిన మొదటి నాలుగు సింగిల్సూ అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కాయి. ఆ పిల్లాడి విద్య తెలియాలంటే మాత్రం మొదటి రికార్డు రెండో వైపు తిప్పి, స్మోకీ రాబిన్సన్ రాసిన 'హూజ్ లవిన్ యూ' వినాలి. ప్రియురాల్ని చేజేతులా పోగొట్టుకున్న మగాడి గోడు అది. మొదటి మాటనే సాగదీసి, మెలిపెట్టి, విరిచి వదులుతాడు. మీసం రాని పిల్లాడికి ఆ దుఃఖం ఎక్కణ్ణుంచి వచ్చింది! జేమ్స్ బ్రౌన్, జాకీ విల్సన్ లాంటి గాయకులు వేదిక మీద చెలరేగిపోతుంటే తెర పక్కన నిలబడి చూసి నేర్చుకున్న చదువు అది.

గొంతు మారగానే కనుమరుగైన బాలగాయకులు ఎందరో. మైఖేల్ మారిన గొంతుకి కొత్త పని అప్పజెప్పాడు. ఎక్కిళ్ళు, ఊపిరి, చిటికె, పలికీ పలకని హల్లు, అన్నీ దరువులైపోయాయి. స్వరాలు కాగితం మీద రాయడం రాదు. మృదంగం గురువు జతులు చెప్పినట్టు డ్రమ్సూ బేసూ నోటితోనే పలికి, టేపు మీదికెక్కించి వాద్యకారులకు వినిపించేవాడు. నిర్మాత క్విన్సీ జోన్స్‌తో కలిసి 1979లో చేసిన 'ఆఫ్ ది వాల్' ఆల్బమ్ ఈ విద్యకి నిండు రూపం. అమ్మకాల్లో తర్వాతి ఆల్బమ్ 'థ్రిల్లర్' గెలిచిందేమో, నా ఓటు దీనికే.

అయినా 'థ్రిల్లర్'లోని 'బిల్లీ జీన్' పాట ముందు తల వంచాల్సిందే. డ్రమ్స్, ఆపైన బేస్. గొంతు వచ్చేసరికి దాదాపు అర నిమిషం. అంత పొడవెందుకు, కత్తిరిద్దామన్నాడు క్విన్సీ. నాకు నాట్యం పుట్టేది అక్కడే అని మైఖేల్ పట్టుబట్టాడు. సౌండ్ ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్ ఈ పాటకి 91 మిక్సులు చేస్తే, చివరికి రెండోదే ఖాయమైందంటారు.

1983లో మోటౌన్ పాతికేళ్ళ పండుగలో ఈ పాటకే మూన్‌వాక్ వేశాడు. ఆ జారుడు అతని సొంతం కాదు. 1955 నాటికే ట్యాప్ నర్తకుడు బిల్ బెయిలీ వేశాడు, మైఖేల్‌కి నేర్పింది వీధి నర్తకులు. మనం గుర్తుంచుకున్నది మాత్రం ఆ కొద్ది క్షణాలే. అంతకుముందు దరువు దరువుకీ మెడ, భుజం, మడమ ఎలా లేచాయో ఎవరు చూశారు? సాక్షాత్తు హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ ఆస్టెయిర్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

1985లో మన 'దొంగ' సినిమాలోని 'గోలీమార్' పాట 'థ్రిల్లర్' వీడియోకి అచ్చు నకలే. పోనీ, అందులో చిరంజీవి హుషారైనా ఉంది. ఇవాళ టీవీ డాన్సు పోటీల్లో ఏముంది? పదేళ్ళ పిల్లలకి టోపీ పెట్టి, ఒక చేతికి తెల్ల గ్లవ్ తొడిగి, గాల్లో నాలుగు పల్టీలు కొట్టిస్తారు. తాళం ఎటు పోయినా జడ్జీలు లేచి ఈలలే. ఇది కళకి ద్రోహం, పిల్లలకి ఇంకా పెద్ద ద్రోహం.

డాన్సు మాస్టార్లూ, ఒక్క మనవి. టోపీ పక్కన పెట్టండి. పిల్లల్ని కూర్చోబెట్టి 'బిల్లీ జీన్' పదిసార్లు వినిపించండి, ఆ బేసుని నోటితో పలికించండి. అది తాళం తప్పకుండా పలికాకే లేచి నిలబడనివ్వండి.