ప్రాసెస్ మానిటర్ పనితనం

సెటప్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తాం. మౌస్ గుర్తు క్షణంపాటు తిరిగి ఆగిపోతుంది. ఇన్‌స్టాలర్ తెరుచుకోదు, ఫలానా తప్పు జరిగిందన్న సందేశమైనా రాదు. అప్పుడు చాలామంది ఫైలును మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు, యాంటీవైరస్ ఆపి చూస్తారు, విసుగెత్తితే విండోస్‌నే తీసేసి కొత్తగా వేస్తారు. ఊహల మీద ఆధారపడకుండా లోపల ఏం జరిగిందో కళ్లారా చూడాలనుకునేవారికి ప్రాసెస్ మానిటర్ ఉంది. వాడేవాళ్లు ముద్దుగా ప్రాక్‌మాన్ అంటారు.

మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ నుంచి వచ్చిన పనిముట్టు ఇది. మొదట ఫైళ్ల కదలికలు చూపడానికి ఫైల్‌మాన్, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో కదలికలు చూపడానికి రెగ్‌మాన్ అని రెండు ఉండేవి. 2006లో సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. ఆ ఏడాదే రెండూ కలిసి ప్రాసెస్ మానిటర్ అయ్యాయి. ఈ కలయికకు చాలా విలువుంది. ఇన్‌స్టాలర్ ముందు రిజిస్ట్రీలో ఒక దారి చదువుతుంది, ఆ దారిలో ఫైలు వెతుకుతుంది, దొరక్కపోతే ఇంకో చోటికి పోతుంది. దేని తర్వాత ఏది జరిగిందన్నదే కారణానికి ఆచూకీ. రెండు వేర్వేరు జాబితాల్లో అది తెగిపోతుంది.

ఇంకో మెచ్చుకోదగ్గ సంగతి, దీన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఉన్నదంతా ఒక్క ఫైలే. కెర్నెల్‌లో కూర్చుని కదలికలు గమనించే డ్రైవర్‌ను కూడా ఆ ఫైలే తన కడుపులో మోస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపితే చాలు. ఇన్‌స్టాలర్లే నడవని యంత్రం దగ్గరికి వెళ్లే పనిముట్టుకు ఈ గుణం లేకపోతే మిగతావేవీ అక్కరకు రావు.

నడిపీ నడపగానే తెర నిండా వరసలు దొర్లుతాయి. వేళ, ప్రాసెస్ పేరు, చేసిన పని, దారి, ఫలితం. నిమిషం తిరక్కముందే అవి లక్షలకు చేరతాయి. అన్నిటినీ చదవడం మనిషి వల్ల కాదు, కాబట్టి ఫిల్టర్ కావాలి. ఇక్కడే నాకు దీన్ని తయారుచేసిన ఆ ఇద్దరి వివేకం కనిపిస్తుంది. ఫిల్టర్ వరసలను కంటి ముందు నుంచి తప్పిస్తుందే తప్ప చెరిపేయదు. అనుమానం తప్పని తేలితే ఫిల్టర్ తీసేయండి, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఏ గడి మీదైనా కుడి క్లిక్ చేసి, ఇలాంటివే చూపు అనో, ఇలాంటివి వద్దు అనో చెప్పవచ్చు. టైపు చేసే పనిలేదు. పైనున్న టూల్‌బార్‌లోని గురిగుర్తును లాగి తెర మీది ఏ కిటికీ పైనైనా వదిలితే, ఆ కిటికీ ఏ ప్రాసెస్‌దో దాని వరసలే మిగులుతాయి.

ఫలితాల గడిని చదవడానికి ఓపిక కావాలి. కొత్తవాళ్లు నేమ్ నాట్ ఫౌండ్ అన్న మాట వందలసార్లు చూసి బెదిరిపోతారు. ప్రోగ్రాములు డీఎల్ఎల్ అనే సహాయక ఫైలు కోసం నాలుగు చోట్ల వెతకడం మామూలే. బఫర్ ఓవర్‌ఫ్లో అన్నది కూడా దాడి కాదు. అడిగినవాడు తెచ్చిన చోటు చాలలేదు, పెద్దది తెచ్చుకుని మళ్లీ అడుగుతాడు, అంతే.

మొదట చెప్పిన మూగ సెటప్‌నే తీసుకుందాం. సెటప్ పేరుతో ఫిల్టర్ వేస్తే ఒక్క వరసా రాకపోవచ్చు, ఎందుకంటే ఆ ప్రాసెస్ ఇంకా పుట్టనే లేదు. ప్రాసెస్ పేరు వదిలి దారిలో ఆ పేరు కోసం వెతకాలి. ఎక్స్‌ప్లోరర్ పేరు మీద ఒక వరస దొరుకుతుంది: రిజిస్ట్రీలో ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ కింద ఆ సెటప్ పేరిట కీ ఉందేమో చూడటం. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో దీనికి సాధారణంగా నేమ్ నాట్ ఫౌండ్ రావాలి. సక్సెస్ వచ్చిందంటే అనుమానించాలి. ఆ కీలో డీబగ్గర్ అనే విలువ ఉంటే, విండోస్ సెటప్‌కు బదులు అందులో రాసిన ప్రోగ్రామును మొదలుపెడుతుంది. డెవలపర్ల కోసం పెట్టిన ఈ వీలును యాంటీవైరస్‌లను లేవనివ్వకుండా చేయడానికి మాల్‌వేర్ వాడుకుంది. అక్కడ రాసిన ప్రోగ్రాం చప్పుడు లేకుండా ముగిసేదైతే, తెర మీద ఏమీ కనిపించదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా మళ్లీ రీస్టార్ట్ చేయమనే ఇన్‌స్టాలర్ల కథా ఇలాంటిదే: పెండింగ్ ఫైల్ రీనేమ్ ఆపరేషన్స్ అనే విలువ ఖాళీ కాకుండా మిగిలిపోవడం దానికి తరచుగా కారణం. అక్కడా దోషి సక్సెస్ వరసే.

అందుకే ఈ పనిముట్టు తీర్పు చెప్పకపోవడాన్ని నేను గొప్ప గుణంగా లెక్కిస్తాను. తప్పులకు ఎర్రరంగు పూసి, మిగతావి దాచేసి ఉంటే ఈ రెండు కారణాలూ మన కంటపడేవి కావు.

అన్నీ దీనికి కనిపిస్తాయని కాదు. మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోందంటూ వచ్చే 1618 ఎర్రర్ వెనక ఉండేది మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగల తాళం లాంటిది. దాని జాడ ఇక్కడ దొరకదు. దాన్ని ఎవరు పట్టుకున్నారో చూడాలంటే సిస్‌ఇంటర్నల్స్‌దే అయిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దగ్గరికి పోవాలి.

నమోదైనదంతా ఫైలుగా భద్రపరిచి, అనుభవమున్న మరొకరికి పంపవచ్చు. పంపేటప్పుడు కనిపిస్తున్న వరసలనే కాక అన్నిటినీ భద్రపరచాలి. మనం అనవసరమని పక్కన పెట్టినదాంట్లోనే వాళ్లకు కావలసింది ఉండవచ్చు. యూజర్ పేర్లు, ఫోల్డర్ల పేర్లు కూడా అందులోనే ఉంటాయి గనుక నమ్మకమైనవారికే ఇవ్వాలి.