వీడియోగేమ్ వ్యాఖ్యానంలో సీమపలుకు: వికేంద్రీకృత సామాజిక మాధ్యమాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫోనులో ఆట ఆడుతూ, ఆ ఆటను తెలుగులో వివరిస్తూ దృశ్యాలను ప్రసారం చేసే చిన్నస్థాయి వ్యాఖ్యాతలు కడప జిల్లా పట్టణాల్లోనూ ఉన్నారు. వారి మాటను వినోదంగానో వ్యసనంగానో చూడడమే తప్ప వాచికకళగా పరిశీలించడం అరుదు. ఆ మాటకు గల కళాస్వభావాన్ని రసదృష్టితో పరిశీలించడం, వేదికల సిఫారసు పద్ధతి దాన్ని ఎలా మలుస్తున్నదో చూడడం, వికేంద్రీకృత మాధ్యమాలు దానికి ఎంతవరకు ప్రత్యామ్నాయమో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వీడియోగేమ్, వ్యాఖ్యానం, రాయలసీమ మాండలికం, సాధారణీకరణం, మాస్టొడాన్, పీర్‌ట్యూబ్, కైఫియత్తులు, ప్రతి.

1. ప్రవేశిక

ఫోనులో ఆట అనగానే మా ప్రాంతపు తల్లిదండ్రులకు ముందుగా గుర్తుకు వచ్చేది పందెం, ఆ తరువాత పాడైన చదువు. ఆ భయం నిరాధారమైనది కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం అటువంటి ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసి గుర్తించింది. ఈ వ్యాసం డబ్బు ఆటల గురించి కాదు. ఆడుతూ మాట్లాడేవాడి మాట గురించి.

తెలుగు సాహిత్యానికి ఆట కొత్త వస్తువేమీ కాదు. నన్నయ సభాపర్వంలో ద్యూతమే కథను మలుపు తిప్పింది. క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లోని కోడిపందేన్ని చూపింది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయా కాలాల ఆటలకు చోటిచ్చారు. అయితే వీటన్నింటిలోనూ ఆట వర్ణ్యవస్తువు. వర్ణించేవాడు గట్టుమీద నిలబడినవాడు. ఇప్పుడు మన ముందున్నది ఆడేవాడే, ఆడుతున్న క్షణంలోనే, వర్ణించే వాచికరూపం.

నేను ప్రధానంగా తీసుకున్న ఉదాహరణ ఒక్కటే. జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వచ్చి నా తరగతిలో డిగ్రీ చదివిన ఒక యువకుడి ఛానెల్. చందాదారులు వెయ్యిమంది కూడా లేరు. అతని కోరిక మేరకు పేరు చెప్పడం లేదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేయరాదని నాకూ తెలుసు. ప్రొద్దుటూరు, పులివెందుల విద్యార్థులు చూపిన మరికొన్ని ఛానెళ్లలోనూ ఇవే లక్షణాలు కనిపించడం వల్లనే ఈ సాహసం.

2. ‘మిద్దె’, ‘వంక’, ‘మనం’

అతను ఎక్కువగా ఆడేది బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ 2021 జులైలో భారతదేశం కోసం విడుదల చేసిన ఆట ఇది. నూరుమంది దాకా ఆటగాళ్లు పారాచూట్లతో ఒక భూభాగంలో దిగుతారు. వలయం క్రమంగా కుంచించుకుపోతుంది. చివరిదాకా మిగిలినవాడిది గెలుపు. భారతీయ రూపంలో నెత్తుటి ఎరుపును ఆకుపచ్చగా మార్చారు. ‘కిల్’ అన్న మాట స్థానంలో ‘ఫినిష్’ పెట్టారు. హింసను తగ్గించడానికి రంగునూ మాటనూ మార్చిన ఈ ఏర్పాటు మీదనే వేరొక వ్యాసం రాయవచ్చు.

ఆటలో మిరామార్ అనే ఎడారి ప్రాంతం ఒకటుంది. ఎర్రమట్టి, బోడిగుట్టలు, చెట్టు తక్కువ. అక్కడ దిగినప్పుడు ఈ యువకుడి భాష మారిపోతుంది. చదునుకప్పు ఇల్లు కనిపిస్తే అది ‘మిద్దె’. ఎండిన నీటిదారి ‘వంక’. పొలాల మధ్య ఎత్తుగా ఉన్న మట్టికట్ట ‘గెనెం’. శత్రువును ముగ్గురు చుట్టుముడితే, పులిజూదంలో మేకలు దారులన్నీ మూసినప్పటి మాట వాడి, పులి కట్టుబడిందంటాడు. ఎక్కడో రూపొందిన ఆ ఎడారికి జమ్మలమడుగు తాలూకా పేర్లు పడుతున్నాయి. ఇది అనువాదం కాదు. అనువాదకుడికి ఎదురుగా మూలపదం ఉంటుంది. ఇక్కడ మూలంలో పదం లేదు, బొమ్మ మాత్రమే ఉంది. బొమ్మను చూసి పేరు పెట్టేవాడు తన ఊరినుంచే పేరు తెచ్చుకుంటాడు.

ఇంకొక విశేషం సర్వనామానిది. ఆడుతున్నది ఒక్కడు. చెప్పేటప్పుడు మాత్రం అతను ‘నేను’ అనడు, ‘మేము’ అనడు; ‘మనం’ అంటాడు. ‘మనం వంకలో పోతాండాం అబ్బీ’ అన్న పద్ధతి. వినేవారిని కలుపుకొనే ‘మనం’, వినేవారిని విడిచిపెట్టే ‘మేము’ అన్న భేదం తెలుగులో ఉండడం వ్యాకరణవిషయం. ఆ భేదాన్ని ఇక్కడ కళాసాధనంగా వాడడం విమర్శకుడు గమనించవలసిన విషయం.

ఎందుకంటే, ఆడేవాడికి కలిగేది భయం, అది లౌకికమైనది. వెనుకనుంచి తుపాకీ మోగితే చేతులు వణుకుతాయి. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలలో తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం ఒకటి. ఆ లెక్కన ఆటగాడు రసానుభవానికి అందరికంటే దూరంగా ఉన్నవాడు. అదే భయం వినేవాడి దగ్గరకు చేరేసరికి భయానకరసం కావాలంటే భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం జరగాలి. ‘మనం’ ఆ పని చేస్తుంది. ఆ ఒక్క మాటతో భయం ఆటగాడి సొత్తు కాకుండా పోతుంది. మాట ఆగిన చోట ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఓడిపోయే చివరి క్షణాల్లో అతను మౌనంగా ఉండిపోతాడు. అప్పుడు మనం చూస్తున్నది వట్టి ఆట.

ఈ వ్యాఖ్యాతకు పూర్వీకుణ్ణి వెతకాలంటే హరికథకుడి దగ్గరకు పోనక్కరలేదు. తోలుబొమ్మలాటలోని కేతిగాడు చాలు. రామాయణకథ నడుస్తుండగా కథలో లేని కేతిగాడు, బంగారక్క తెరమీదకు వచ్చి ఊరి భాషలో ఊరి సంగతులు మాట్లాడతారు. కథ ఎక్కడిదైనా హాస్యం ఊరిది. తెర మూలన చిన్న చట్రంలో కనిపించే ఈ యువకుడి ముఖం స్థానంలోనూ, పనిలోనూ కేతిగాడి ముఖమే. తేడా ఒక్కటి: కేతిగాడు బొమ్మను ఆడించేవాడి అదుపులో ఉంటాడు, ఇతను బొమ్మనూ ఆడిస్తాడు, కేతిగాడుగానూ మాట్లాడతాడు.

3. శీర్షికలోని సీమ

ఇక అతని లోపం. ఆట మధ్యలో ఇంత సహజంగా మాట్లాడే ఇతను దృశ్యానికి శీర్షిక పెట్టేటప్పుడు మరొక మనిషి అయిపోతాడు. శీర్షికలో ‘ఫ్యాక్షన్’ ఉంటుంది, బాంబు ఉంటుంది, తొడగొట్టే బొమ్మ ఉంటుంది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు స్థిరపరచిన సీమ అది. వంకలు, మిద్దెలు ఉన్న సీమ లోపల ఉంది. సుమోలు ఎగిరే సీమ గడపలో నిలబడింది. ఇది ఆత్మపరిహాసమేమోనని మొదట అనుకున్నాను. వరుసగా చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు. పరిహాసంలో ఒక కొంటెచూపు ఉంటుంది, ఇక్కడ అలవాటే ఉంది.

కారణం అడిగితే అతను దాచలేదు. ఆ మాట ఉన్న దృశ్యాన్ని వేదిక పదిమందికి చూపిస్తుందని, లేనిదాన్ని చూపించదని అతని అనుభవం. ఆట తన నియమాల ద్వారానే ఒక వాదాన్ని వినిపిస్తుందని ఇయాన్ బొగోస్ట్ ‘పర్సుయేసివ్ గేమ్స్’ (2007)లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను ఆటకంటే వేదికకు అన్వయించడం ఇక్కడ ఎక్కువ ఉచితం. సిఫారసు పద్ధతి ఎవరికీ ఏమీ చెప్పదు. ఏ శీర్షికకు చూపరులను ఇస్తుందో, ఏ శీర్షికకు ఇవ్వదో దాని ద్వారానే సీమవాడు తనను తాను ఎలా పిలుచుకోవాలో నేర్పుతుంది. కనుక వేదిక ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న సాంకేతికమైనది మాత్రమే కాదు; మాండలికానికి సంబంధించినది కూడా.

4. గూడు మారిన మాట

పైగా ఆ వేదికలు ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు తెలుగు పల్లెల దృశ్యాలెన్నో ఒక్కసారిగా కనుమరుగయ్యాయి. అదే సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధానికి గురయ్యాయి. తెలుగులోనూ రాసుకునే వీలిచ్చిన స్వదేశీ వేదిక ‘కూ’ 2024 జులైలో మూతపడింది. నిషేధాల మంచిచెడ్డల చర్చ వేరు. మాట్లాడినవాడి చేతిలో తన మాట ప్రతి లేకపోవడమే ఇక్కడి విషయం. ఈ యువకుడి పాత ఖాతా కూడా సినిమా సంభాషణలు వాడాడన్న ఫిర్యాదుతో ఒక వేదికపై మూతపడింది. పోయినవాటిలో మంచివి కూడా ఉన్నాయని అంటాడు. నేను చూడలేదు కనుక ఒప్పుకోలేను, కాదనలేను.

అప్పుడే అతను మాస్టొడాన్‌లో ఖాతా తెరిచాడు. ఓయిగన్ రోచ్కో 2016లో విడుదల చేసిన ఈ మాధ్యమానికి ఏక యజమాని లేడు. ఎవరైనా ఒక సర్వరును నడపవచ్చు. ఈమెయిలులో ఒక సంస్థ ఖాతానుంచి మరొక సంస్థ ఖాతాకు ఉత్తరం పోయినట్లే, ఒక సర్వరులోని మాట మరొక సర్వరులోని వ్యక్తికి చేరుతుంది. ఆ చేరవేతకు వాడే యాక్టివిటీపబ్ నియమావళిని 2018 జనవరిలో డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించింది. అనుసరించేవారి రాతలు కాలక్రమంలో కనిపిస్తాయి. వెనుకనుంచి తోసే సిఫారసు లేదు. అక్కడ అతను ‘ఫ్యాక్షన్’ లేని శీర్షికలు పెట్టాడు. నిజంగా మంచి శీర్షికలు. ఎవరూ రాలేదు. తెలుగు వినేవారే అక్కడ కనిపించలేదని, ఖాళీ మండపంలో కథ చెప్పినట్లుందని నెలలోపే మానేశాడు.

వికేంద్రీకరణను గురించి ఉత్సాహంగా మాట్లాడేవారు రెండు విషయాలను దాటవేస్తున్నారని నా అభిప్రాయం. స్వేచ్ఛ వినేవారిని వెంటబెట్టుకొని రాదన్నది మొదటిది. రెండవది ఇంకా ముఖ్యం. మాస్టొడాన్‌లో ఒక సర్వరునుంచి మరొకదానికి మారితే అనుచరులను తీసుకుపోవచ్చు, పాత రాతలను తీసుకుపోలేము. అవి పాత సర్వరులోనే ఉంటాయి. దాన్ని నడిపేవాడు అలసిపోతే, ఖర్చు భరించలేకపోతే అవీ పోతాయి. అంటే యజమానులు చాలామంది అయ్యారు కానీ ప్రతులు చాలా కాలేదు.

5. ప్రతులు, కరణాలు

ప్రతుల విలువ కడప జిల్లాకు కొత్తగా చెప్పనక్కరలేదు. బ్రౌన్ 1829లో ప్రచురించిన వేమన పద్యాలు 693. 1839 నాటి కూర్పులో అవి 1164. పద్యాలు ఒక్కచోట లేవు కనుకనే అన్ని దొరికాయి. మెకంజీ సేకరించిన కైఫియత్తులు శిథిలమవుతుంటే బ్రౌన్ నకళ్లు రాయించాడు. గండికోట కైఫియతును ఈనాడు మనం చదవగలగడం వెనుక అటువంటి లేఖకుల శ్రమ ఉంది. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో మొదలుపెట్టిన ‘సంవేదన’ వెలువరించింది కొద్ది సంచికలే. పాఠకులు దాచుకున్నారు కనుక విమర్శచరిత్రలో దాని ప్రస్తావన ఆగలేదు.

అయితే ఈ పోలికను అతిగా సాగదీయరాదు. కైఫియత్తులలో గ్రామకరణాల గొంతే ఎక్కువ. ఊరి చరిత్ర ఎవరు చెప్పగా రాశారో, ఎవరిని అడగలేదో వాటిని చదివితేనే తెలుస్తుంది. సర్వరు నడిపేవాడూ ఒక కరణమే. ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో అతని చేతిలో ఉంటుంది. అధికారం పెద్ద కచేరీనుంచి చిన్న చావిడికి వచ్చినంత మాత్రాన చావిడి బయట నిలబెట్టినవాడికి చోటు దొరకదు.

ఈ పరిమితి తెలిసే ఒక సూచన చేస్తున్నాను. 2018లో తొలి పూర్తిరూపం పొందిన పీర్‌ట్యూబ్ అనే దృశ్యమాధ్యమంలో ఒక సర్వరు మరొక సర్వరులోని దృశ్యాలకు నకళ్లు ఉంచుకొనే ఏర్పాటు ఉంది. లేఖకుడు చేసిన పనే అది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో కడపలో వెలసి, యోగివేమన విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్న సి.పి. బ్రౌన్ కేంద్రం వంటి సంస్థలు, మన తెలుగు శాఖలు ఇటువంటి సర్వరును నడపడం అసాధ్యమేమీ కాదు. తాళపత్రం అయితే చేతులు జోడించి తీసుకుంటాం. ఆట దృశ్యం అంటే నవ్వుతాం. ‘గెనెం’ అన్న పదం రెండింటిలోనూ ఒకే పదం.

ప్రస్తుతానికి అతను తన దృశ్యాలను ఒక హార్డ్‌డిస్కులో తెచ్చి ఇచ్చాడు. ఒక ప్రతి నా దగ్గర, ఒకటి అతని మేనమామ ఇంట్లో ఉన్నాయి. మొదటి దృశ్యానికి లిఖితరూపం తయారు చేస్తున్నాను. ‘పోతాండాం’ను అతను పలికినట్లే రాయాలా, చివరి క్షణాల మౌనాన్ని ఏ గుర్తుతో చూపాలి అన్న రెండు చిక్కుల దగ్గర పని ఆగి ఉంది.