ఇ.సి. బొమ్మల కథలు – వానిలోని విజ్ఞానము

పది సెంట్లకు అమ్మిన అమెరికా బొమ్మల కథల పుస్తకములతో విజ్ఞానశాస్త్ర బోధకులకు పనియేమి అను సందేహము కలుగుట సహజము. వానిలో అధికభాగము కాలక్షేపమునకే పుట్టి, చదివిన మరునాడు చిత్తుకాగితములలో కలసిపోయినవి. అయినను ఇ.సి. అను ఒక చిన్న ప్రచురణసంస్థ చరిత్ర శ్రద్ధగా చూడదగినది. అది బోధన కొరకు పుట్టెను. విజ్ఞానకల్పనలతో పేరు గడించెను. విజ్ఞానము పేరిట వచ్చిన ఒక నేరారోపణ దెబ్బకు కూలిపోయెను.

అమెరికాలో బొమ్మల కథల పుస్తకమునకు ఒక రూపము కల్పించినవారిలో మాక్స్‌వెల్ గెయిన్స్ ఒకడు. ఆయన 1944లో 'ఎడ్యుకేషనల్ కామిక్స్' అను సంస్థను నెలకొల్పెను. ఇ.సి. అనునవి ఆ పేరునకు పొడి అక్షరములు. బైబిలు కథలను, అమెరికా చరిత్రను, ప్రపంచ చరిత్రను బొమ్మలలో చెప్పుట ఆయన సంకల్పము. 1947లో విజ్ఞానశాస్త్ర విషయములతోను ఒక పత్రిక ఆరంభించెను గాని, అది రెండు సంచికలతోనే ఆగిపోయెను. సదుద్దేశమున్నంత మాత్రమున పిల్లలు డబ్బిచ్చి కొనరు గదా! ఆ సంవత్సరమే ఆగస్టులో లేక్ ప్లాసిడ్ సరస్సున జరిగిన పడవ ప్రమాదములో ఆయన మరణించెను. అప్పులలో నున్న సంస్థ 25 ఏండ్ల కుమారుడు విలియం గెయిన్స్ చేతికి వచ్చెను. ఇతడు రసాయనశాస్త్ర బోధకుడు కాదలచి న్యూయార్క్ విశ్వవిద్యాలయమున చదువుచున్నవాడు. పాఠశాల కొక ఉపాధ్యాయుడు తగ్గెను. సంస్థ పేరులోని 'విద్య' పోయి 'వినోదము' వచ్చెను. పొడి అక్షరములు మాత్రము మారలేదు.

ఆల్ ఫెల్డ్‌స్టైన్ అను రచయితతో కలసి గెయిన్స్ 1950లో భయానక కథల పత్రికలను, వానితోపాటు 'వియర్డ్ సైన్స్', 'వియర్డ్ ఫాంటసీ' అను రెండు విజ్ఞానకల్పనా పత్రికలను వెలువరించెను. భయానక పత్రికలు విరివిగా అమ్ముడుపోయెను. విజ్ఞానకల్పనలకు అంతటి గిరాకి లేదు. అయినను గెయిన్స్‌కు ఇవియే ప్రీతిపాత్రములగుటచే ఆ లాభముతో ఈ లోటు పూడ్చుచు వచ్చెను.

ఈ కథలలోని భౌతికశాస్త్రము చాలవరకు పరీక్షకు నిలువదు. 'వియర్డ్ సైన్స్' మొదటి సంచికలో హార్వీ కర్ట్‌జ్‌మన్ చిత్రించిన కథయొకటి కలదు. అందులో ఒక మనుష్యుడు అంతులేకుండ కుంచించుకొనిపోవుచు సూక్ష్మలోకములలో పడిపోవును. బొమ్మలు కన్నులకు ఇంపుగానే ఉన్నవి. కాని పరమాణువు ఒక చిన్న సౌరకుటుంబము వంటిదను ఊహను శాస్త్రజ్ఞులు 1920 దశాబ్దములోనే వదలివేసిరి. పరమాణువు వ్యాసము సెంటీమీటరులో సుమారు పదికోట్ల వంతు. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యము దానికి కొన్నివేల రెట్లు. అంత చిన్నవాడైన మనుష్యుడు ఏ కాంతితో చూచును? అతని బరువు ఎక్కడికి పోయెను? తరగతిలో ఈ కథ చెప్పి ఈ ప్రశ్నలు వేసినచో ఒక గంట పాఠము చక్కగా సాగును. కథవలన కలుగు ప్రయోజనము బహుశః అదియే.

రచయితల హక్కుల విషయమునను ఈ సంస్థ మొదట నిర్దోషి కాదు. రే బ్రాడ్‌బరీ కథలు రెండింటిని కలిపి 1952లో అనుమతి లేకుండ అచ్చువేసిరి. ఆయన కోపింపక, తనకు రావలసిన 50 డాలర్లు పంపుట మరచినట్లున్నారని సౌమ్యముగా ఉత్తరము వ్రాసెను. డబ్బు వెళ్లెను, పిమ్మట ఆయన అనుమతితోనే ఇరువదికి పైగా కథలు వెలువడెను.

సంస్థ కథలలో విజ్ఞానదృష్టి నిజముగా కానవచ్చునది 1953లో 'వియర్డ్ ఫాంటసీ' 18వ సంచికలో వచ్చిన 'జడ్జిమెంట్ డే'. రచన ఫెల్డ్‌స్టైన్, చిత్రములు జో ఒర్లాండో. యంత్రమానవులు నివసించు గ్రహమునకు భూమినుండి ఒక పరీక్షకుడు వచ్చును. ఆ గ్రహము నక్షత్రమండల గణరాజ్యమున చేరుటకు తగునా యని తేల్చుట అతని పని. అచట నారింజరంగు యంత్రములకు సకల సౌకర్యములు. నీలిరంగు యంత్రములకు వేరు పేట, హీనమైన బ్రతుకు. పరీక్షకుడు రెండు రకముల తయారీని విచారించి చూచును. లోపలి భాగములన్నియు ఒక్కటే. తేడా పైతొడుగు రంగులోను, వానికిచ్చు శిక్షణలోను మాత్రమే. తగదని తీర్పు చెప్పి అతడు తిరిగిపోవును. చివరి చిత్రములో శిరస్త్రాణము తీయగా అతడు నల్లజాతి మనుష్యుడని తెలియును. నల్లని ముఖముపై చెమటబిందువులు నక్షత్రములవలె మెరయుచుండును. ఈ కథలో సూత్రము లేదు, సమీకరణము లేదు. కాని విప్పిచూచి, పోల్చిచూచి, తరువాతనే నిర్ణయించు పద్ధతి ఉన్నది. సూక్ష్మలోకముల కథలో లేనిది ఇదియే.

ఈ పద్ధతియే సంస్థపై నేరము మోపినవారిలో కొరవడినది. ఫ్రెడరిక్ వర్థమ్ అను మానసికవైద్యుడు 1954లో ప్రచురించిన గ్రంథములో బొమ్మల కథలు బాలురను నేరములకు పురికొల్పుచున్నవని వాదించెను. వర్థమ్ సామాన్యుడు కాడు. న్యూయార్క్ హార్లెమ్‌లో పేదలకు మానసిక చికిత్సాలయము నడపినవాడు, పాఠశాలలలో వర్ణవివక్షకు వ్యతిరేకముగా న్యాయస్థానమున సాక్ష్యమిచ్చినవాడు. అయినను నేరము చేసిన బాలురు బొమ్మల కథలు చదివిరనుట రుజువు కాజాలదు. ఆ దినములలో అమెరికా పిల్లలలో అత్యధికులు అవి చదివినవారే. ఆసుపత్రిలోని రోగులందరును అన్నము తినువారే. అంతమాత్రమున అన్నము రోగకారణమగునా? నేరము చేయని బాలురతో పోలిక ఆ గ్రంథమున లేదు. అంతకంటె శోచనీయమైన విషయము తరువాత బయటపడెను. వర్థమ్ కాగితములు 2010లో పరిశోధకులకు అందుబాటులోనికి రాగా, కరోల్ టిల్లీ అను పరిశోధకురాలు వానిని గ్రంథముతో పోల్చి 2012లో ఒక వ్యాసము ప్రచురించెను. పిల్లల వయస్సులు మారియున్నవి; వేర్వేరు బాలుర మాటలు ఒకరివిగా కలిసియున్నవి; ఇంటిలోని హింస వంటి ఇతర కారణములు విడిచిపెట్టబడియున్నవి.

ఇ.సి. పక్షమున చెప్పిన సమాధానమును దుర్బలమే. 1954 ఏప్రిల్ 21న సెనేటు ఉపసంఘము ఎదుట గెయిన్స్ స్వయముగా సాక్ష్యమిచ్చెను. తెగిన స్త్రీ శిరస్సు గల ముఖచిత్రమును చూపి సెనేటరు కెఫావర్ ప్రశ్నింపగా, భయానక పత్రికకు అది అభిరుచి తప్పినది కాదని బదులు చెప్పెను. అట్టి బొమ్మను పసిపిల్లల చేతికి ఈయదగునా యని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. అయితే అది యుక్తాయుక్తముల ప్రశ్న. వర్థమ్ చెప్పినది కార్యకారణముల ప్రశ్న. రెండును కలిసిపోయి ఒక్క కేకయైనవి.

ఆ అక్టోబరులో ప్రచురణకర్తల సంఘము ఒక నియమావళిని స్వీకరించెను. 'హారర్', 'టెర్రర్' అను పదములు పత్రికల పేర్లలో నిషిద్ధములు. నియమావళి ముద్ర లేని పుస్తకములను పంపిణీదారులు ముట్టరైరి. గెయిన్స్ భయానక పత్రికలను మూసివేసెను. మిగిలిన విజ్ఞానకల్పనా పత్రిక పేరు మార్చి 1956 ఆరంభము వరకు నెట్టుకొని వచ్చెను. చివరి సంచికకు ఒక కథను సంఘము తిరస్కరింపగా దానికి బదులు పాత 'జడ్జిమెంట్ డే'ని పంపిరి. పరిశీలనాధికారి చార్లెస్ మర్ఫీ ఆ పరీక్షకుడు నల్లవాడు కారాదనెను. నియమావళిలో అట్టి నిబంధనయే లేదు. విషయము పత్రికలవారికి తెలుపుదునని గెయిన్స్ పట్టుబట్టగా, చెమటబిందువులనైన తీసివేయుమనెను. దానికిని గెయిన్స్ ఒప్పుకొనలేదు. కథ ఉన్నదున్నట్లుగనే అచ్చయ్యెను. ఆ సంస్థ వెలువరించిన బొమ్మల కథల పుస్తకములలో అదియే కడపటిది. అటుపిమ్మట గెయిన్స్ 1992లో మరణించువరకు 'మాడ్' అను హాస్యపత్రికతోనే నిలిచెను.