వంటశాలయు పత్తిచేనును



పదిహేడవ శతాబ్దమున పారిసు పట్టణపు కర్మెలీయ మఠములో సహోదర లారెన్సు అను వంటవాడుండెను. లోరేను సీమవాడు, యౌవనమున సిపాయియై, యుద్ధములో గాయపడి, కుంటుకాలితో మఠము చేరినవాడు. 1691లో ఆయన మరణించిన పిమ్మట ఆయన సంభాషణలను, ఉత్తరములను బోఫోర్ అను గురువు కూర్చి ప్రకటించెను. ప్రతి పనిలోను దేవుని సన్నిధిని అభ్యాసము చేయుమని బోధించు ఆ చిన్న పుస్తకము మన ప్రసంగములలో తరచుగా వినబడుచున్నది. అది మన పల్లెలవారికి ఎంతవరకు చాలునో నీతో కలిసి విచారింప గోరుచున్నాను.

ముందుగా దాని మేలు చెప్పెదను. లారెన్సుకు వంటపని స్వభావముచేత ఇష్టము లేదు. ఆ సంగతి దాచలేదు. అందుచేతనే నేనాయనను నమ్మితిని. పని ముగించి మోకాళ్లూనువరకు ఆగక, పొయ్యి యెదుటనే దేవునితో మెలగుట నేర్చుకొనెను. ఎమ్మిగనూరులో గుంటమగ్గము ప్రక్కన కాసేపు కూర్చుండి చూడుము. కాళ్లు గుంటలో తొక్కుచుండును, నాడె అటునిటు పోవుచుండును. అలవాటుపడిన చేతులు పనిచేయుచుండగా మనస్సు ఎచటికైనను పోవచ్చును: అప్పు యొద్దకు, కూతురి పెండ్లి యొద్దకు, దేవుని యొద్దకు. నేతపనికి వలసిన నేర్పును దేవుడే ఇచ్చెనని నిర్గమకాండము 35వ అధ్యాయము చెప్పుచున్నది. కనుక మగ్గము వదలి వచ్చిననే గాని దేవుడు దొరకడని ఎవరును చెప్పరాదు. ఇంతవరకు ఆ పుస్తకము బంగారమే.

అయితే గంట మ్రోగగానే మఠములో భోజనము సిద్ధము. లారెన్సుకు భార్యాబిడ్డలు లేరు, షావుకారు లేడు. ఆదోని చుట్టుపట్ల వానలు తప్పిన యేట సుగ్గికి మూట కట్టుకొని గుంటూరు సీమకు పోవు కుటుంబమును ఆయన ఎరుగడు. అది ఆయన తప్పు కాదు. ఆ పుస్తకమును అట్టి కుటుంబము ముందు పెట్టి, “ఇదే చాలును” అను మావంటి బోధకులది తప్పు.

నేనును ఆ తప్పు చేసితిని. గడచిన పత్తి కాలమున ఒక పల్లెలో లారెన్సును గూర్చి చక్కగా ప్రసంగించితిననుకొని సంతోషించుచుండగా, పత్తి ఏరు ఒక సహోదరి నా యొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, ఆ వంటాయనకు కూలి ఎగ్గొట్టినోళ్లు ఎవురన్నా ఉన్నారా? నాకు మూడు వారాల కూలి రాలేదు. పత్తి ఏరతా దేవుణ్ణి తలుసుకుంటానే ఉన్నా. ఇంగ నేనేం జేయల్ల?”

నా యొద్ద జవాబు లేదు. ఇంటికి పోయి మత్తయి 11వ అధ్యాయము మరల చదివితిని. అలసినవారికి విశ్రాంతి ఇచ్చెదనన్న ప్రభువు మంచము చూపలేదు, కాడి చూపెను. సేద్యగాండ్రమైన మనకు ఈ మాట వివరింపనక్కరలేదు. సరిగా చెక్కిన కాడి మెడను కోయదు, చెక్కనిది పుండు చేయును. ప్రభువు కాడి మొదటిది. దానిని ఎత్తుకొనుటలో విశ్రాంతి కలదని లారెన్సు సాక్ష్యమిచ్చుచున్నాడు. కాని యెషయా 58లో దేవుడు విరుగగొట్టుమన్న కాడి వేరొకటి కలదు. దానిని గూర్చి లారెన్సు పుస్తకములో నాకేమియు కనబడలేదు. 1938లో ఎమ్మిగనూరు నేతగాండ్రు కలిసి నేసి కలిసి అమ్ముకొనునట్లు సహకార సంఘమును స్థాపించిన మాచాని సోమప్పగారు మన సంఘస్థుడు కాడు. అయినను ఈ రెండవ కాడిని ఆయన మాకంటె బాగుగా చూచెనని ఒప్పుకొనవలెను.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతి దినము దాసునికిని దాసికిని కలదు. ఐగుప్తులో నీవు దాసుడవై యుంటివి గనుక అని కారణము కూడ చెప్పబడినది. అనగా విశ్రాంతి పనివాని మనస్సులో కలుగు నెమ్మది మాత్రమే కాదు, యజమాని చెల్లింపవలసిన బాకీ కూడ. లారెన్సు పుస్తకమును ఇంటిలో నుంచుకొనుము, చదువుము. అయితే ఈ అధ్యాయమును దాని ప్రక్కనే తెరచియుంచుము.

మరుసటి ఆదివారము అదే పల్లెలో ఆ అధ్యాయమును, కూలివాని కూలి తెల్లవారువరకు నిలుపరాదను లేవీయకాండము 19వ అధ్యాయమును చదివితిని. పత్తిచేలు గల పెద్దలిద్దరు ముందు వరుసలోనే కూర్చుండియుండిరి. నా గొంతు కొంచెము వణికెను. ఆ వారములో ఆ సహోదరికి రెండు వారముల కూలి ముట్టెను. మూడవ వారముది ఇంకను అడుగుచున్నాము.