డీవీడీలో తెగిన బొమ్మలాట గొంతు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మ ఆడించే కళాకారుడికి చేతులూ, గొంతూ, కాళ్లూ ఒకేసారి పనిచేయాలి. ఒక చేతిలో భీముడు, ఇంకో చేతిలో కీచకుడు. నోట పద్యం, కాలి కింద చెక్క పలకలు. భీముడు గుద్దిన క్షణానే పలక మోగాలి, మద్దెల దాన్ని అందుకోవాలి. తెర మీది తోలు నీడకు బరువు వచ్చేది ఆ చప్పుడుతోనే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే సీమ ఇది. విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకంతో కరువు కాలంలో ఊళ్లు తెల్లవార్లూ ఆట పెట్టించేవి. ఆ ఊరికే చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నేడు నిమ్మలకుంట తోలు దీపాల గూళ్లకు, గోడ బొమ్మలకు గిరాకీ ఉంది కాబట్టి తోలు చెక్కే పనితనం నిలుస్తోంది. పాడే గొంతును మాత్రం దీపం గూడు దాచలేదు. అది ఆటలో ఉండాలి, లేదా రికార్డింగులో ఉండాలి.

పాత రికార్డింగులు డీవీడీల మీద ఉన్నవాళ్లు వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించగానే ఒక చిక్కు బయటపడుతుంది. ఇరవై, పాతిక నిమిషాలకోసారి పాట పుటుక్కున తెగుతుంది. బొమ్మ ఆడుతూనే ఉంటుంది, గొంతు ఉండదు. డిస్కు పాడైందని చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. డిస్కు నిక్షేపంగా ఉండి ఉండవచ్చు.

డీవీడీ వీడియోలో ఒక్కో వీఓబీ ఫైలు 1 జీబీ దాటకూడదు. సెకనుకు 6 మెగాబిట్ల లెక్కన అది దాదాపు 24 నిమిషాల ఆట. ఆ పరిమితి రాగానే, పద్యం మధ్యలో ఉన్నా సరే, ఫైలు తెగి తర్వాతి ఫైలు మొదలవుతుంది. పైగా డిస్కు మీద బొమ్మ ముందు, దాని శబ్దం కాస్త వెనక రాసి ఉంటాయి. అందుకే మొదటి ఫైలు చివరి దృశ్యాల శబ్దం రెండో ఫైలు మొదట్లో పడుతుంది. ప్లేయర్ అన్నిటినీ ఒకే ప్రవాహంగా చదువుతుంది కనుక మనకు తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి ఫైలునూ విడిగా తెరిచి, దృశ్యం దొరకని ఆ శబ్దాన్ని వదిలేస్తుంది. డిస్కు మీది శబ్దం ఏసీ-3 పద్ధతిలో ఉంటే దాని ముక్క ఒక్కోటి 32 మిల్లీసెకన్లు, మన పాల్ వీడియో ఫ్రేమ్ 40. ఈ రెండూ ఒకే చోట ముగియడం అరుదు కాబట్టి కోత దగ్గర ముక్క సగంలో విరగవచ్చు కూడా.

ఖాళీ కనపడగానే తర్వాతి ఆడియోను వెనక్కి జరిపి అతికించడం అందరికీ తోచే పని. దయచేసి అలా చేయకండి. అక్కడి నుంచి పలక చప్పుడు గుద్దు కంటే ముందే వినిపిస్తుంది. ఫైలు మారినకొద్దీ ఆ తేడా పెరిగి, కీచకవధ నాటికి ఆట అర్థం లేకుండా పోతుంది.

మందు ఇంపోర్ట్‌కు ముందే వేయాలి. మొదట డిస్కు మొత్తాన్నీ ఐఎస్ఓ ఇమేజ్‌గా దింపుకోండి. మేక్ఎంకేవీ లాంటి ప్రోగ్రామ్‌తో టైటిల్‌ను ఒకే ఫైలుగా తీయండి. వీఓబీలను అది వరుసగా కలిపే చదువుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనైతే మెనూ ఉండే సున్నా నంబరు వీఓబీని వదిలి, ఒకటి నుంచి క్రమంగా కలపాలి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఆడియోను 48,000 హెర్ట్జ్ వేవ్ ఫైలుగా, ఒకే తునకగా విప్పండి. ఆ రెండింటినీ టైమ్‌లైన్ మీద మొదటి నుంచి సరిచూసి పెట్టాలి.

సరిచూడడానికి పలక దెబ్బే కొలత. వేవ్‌ఫామ్‌లో అది నిటారుగా లేస్తుంది. తెర మీద గుద్దు పడిన ఫ్రేమ్ దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఆట మొదట్లో, నడుమ, చివర ఒక్కో దెబ్బ చూడండి. ఖాళీ లేకపోయినా తేడా అంతకంతకూ పెరుగుతుంటే అది వేరే జబ్బు: ఎక్కడో 44,100 అని సెట్టింగ్ పడి ఉండవచ్చు.

గీతలు పడ్డ డిస్కులో శబ్దం నిజంగానే పోయి ఉండవచ్చు. ఇంకో డ్రైవులో, తక్కువ వేగంతో మళ్లీ చదివించండి. అప్పటికీ రాకపోతే ఆ నాలుగు క్షణాలు ఖాళీగానే ఉంచండి. వేరే రాత్రి పాడిన పద్యం తెచ్చి అక్కడ అతికిస్తే, ఆ రాత్రి ఎక్కడ శ్రుతి పెంచారో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో విని నేర్చుకోవాలనుకునే కుర్రవాడికి తప్పు పాఠం అందుతుంది.